కండలోని ఖజానాను చూపిన భీమవరం వారు

కండబలం అనగానే మన తెలుగువారికి కోడి రామమూర్తి నాయుడు గారు గుర్తుకు వస్తారు. ఛాతీకి బిగించిన గొలుసును ఊపిరి పీల్చి తెంచిన మహాబలుడు ఆయన. ఆ గొలుసు తెంచే శక్తి కండలో ఏ రూపాన దాగి ఉంటుందో లోకానికి చెప్పినవారిలో మొదటి వరుసలో ఉన్నది మాత్రం మన గోదావరి వాడే. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆరియోమైసిన్, బోదకాలు మందు అనగానే ఆయన పేరు చెప్పుకుంటాము గాని, అంతకు ఇరవై ఏళ్ల ముందు కండరాలపై ఆయన చేసిన పని గురించి అంతగా చెప్పుకోము.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యం వల్ల ముందుగానే కొలువు విడువవలసి వచ్చింది. అటువంటి ఇంటి కష్టం ఎలా ఉంటుందో మన సంఘ సభ్యులకు నేను వేరే చెప్పనక్కరలేదు. తల్లి వెంకమ్మ గారు నగలు అమ్మి చదివించారు. రాజమండ్రిలో చదువు సరిగా సాగలేదు. చివరకు మద్రాసు హిందూ హైస్కూలు నుండి మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ప్రొఫెసరు గారి ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్టుతో సరిపెట్టుకున్నారు. ఇద్దరు సోదరులను స్ప్రూ అనే గ్రహణి వ్యాధి పొట్టన పెట్టుకుంది. అనపర్తిలోని అత్తవారి సాయంతోను, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతోను 1920ల మొదట్లో అమెరికాలోని బోస్టన్ చేరి, ఆసుపత్రిలో రాత్రిపూట మలమూత్ర పాత్రలు ఎత్తే పని చేస్తూ హార్వర్డులో చదివారు.

ఇక కండ సంగతి. మన అంబాజీపేట కొబ్బరితాడును విప్పి చూడండి. పెద్ద తాడులో పురులు, పురిలో పేటలు, పేటలో పీచు. కండ కూడా ఇంచుమించు అంతే. కండలో కట్టలు, కట్టలో పోగులు, ఒక్కొక్క పోగులో వందల కొద్దీ సన్నని నూలుపోగులు. ఇంకా లోపలికి పోతే మయోసిన్, ఆక్టిన్ అనే రెండు రకాల ప్రోటీన్ తంతువులు ఒకదాని సందున ఒకటి అమరి ఉంటాయి. ఎముకలను కదిపే ఇటువంటి కండరాలు మన ఒంట్లో ఆరు వందలకు పైగా ఉన్నాయి. గుండె కండరం, పేగుల గోడలలోని కండరం వేరు జాతులు. అవి మన ఆజ్ఞకు ఎదురుచూడవు. (పిక్క పట్టేస్తే మనవాళ్లు 'నరం పట్టేసింది' అంటారు. పట్టేసేది నరం కాదు, కండ.)

కండ పనిచేయడానికి లాక్టిక్ ఆమ్లమే కారణమని ఆనాటి పండితుల నమ్మకం. ఆ రంగంలో కృషికే ఇంగ్లండుకు చెందిన హిల్, జర్మనీకి చెందిన మేయర్‌హాఫ్ గార్లకు 1922 నోబెల్ బహుమతి లభించింది. హార్వర్డులో సైరస్ ఫిస్కే గారితో కలిసి సుబ్బారావు గారు 1925లో భాస్వరాన్ని నీలిరంగు గాఢతతో కొలిచే పద్ధతి ప్రకటించారు. ఈ ఫిస్కే-సుబ్బారావు పద్ధతి తరువాత లోకమంతటా ప్రయోగశాలల్లో చేరింది. అదే పద్ధతిలో కండ సారాన్ని పరీక్షిస్తే రంగు వెంటనే రాక, నెమ్మది నెమ్మదిగా ముదిరింది. మరొకరైతే మందు పాడైందనుకొని పారబోసేవారు. వీరు ఆ ఆలస్యాన్నే పట్టుకొని, భాస్వరం క్రియాటిన్‌తో ముడిపడి ఉందని, ఆ ముడి మెల్లగా విడుతున్నదని తేల్చారు. కండను పనిచేయిస్తే ఆ పదార్థం తగ్గింది, విశ్రాంతి ఇస్తే మళ్లీ చేరింది. ఈ క్రియాటిన్ ఫాస్ఫేట్ విషయం 1927లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. లండనులో ఎగిల్‌టన్ దంపతులకు కూడా అదే కాలంలో ఇది దొరికింది. 1929లో ఫిస్కే, సుబ్బారావు గార్లు ఎ.టి.పి. అనే అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను కండ నుండి వేరుచేశారు. ఆ ఏడే జర్మనీలో లోమన్ గారు విడిగా అదే కనుగొని, కొద్ది వారాల ముందు ప్రకటించారు.

ఈ లెక్క మనవంటి గుమాస్తాలకు సులభంగా బోధపడుతుంది. ఎ.టి.పి. చేతిలోని చిల్లర. రెండు మూడు సెకండ్ల పరుగుకే అయిపోతుంది. క్రియాటిన్ ఫాస్ఫేట్ ఆఫీసులోని పర్మనెంట్ అడ్వాన్సు. చిల్లర అయిపోగానే అందులోంచి తీస్తాము. అదీ పది సెకండ్ల మాటే. ఆ తరువాత అన్నం, కొవ్వు, పీల్చే గాలి అనే ట్రెజరీలో బిల్లు పాసు కావాలి. మెట్లెక్కి ఆయాసపడి నిలబడినప్పుడు లోపల జరిగేది ఆ రికూప్‌మెంటే.

ఈ చిల్లర దేనికి ఖర్చవుతుందో 1954లో తేలింది. కాలువ గట్టున నడుస్తూ పడవను తాడుతో లాగే మనుషులను పాతవారు చూసే ఉంటారు. మయోసిన్ తలలు ఆక్టిన్ తంతువును ఆ విధంగానే పట్టి లాగి, వదిలి, మళ్లీ పడతాయి. తంతువులు కురచ కావు, ఒకదానిలోకి ఒకటి జారుతాయి. వింత ఏమిటంటే పట్టు వదలడానికి కూడా ఎ.టి.పి. కావాలి. ప్రాణం పోయాక అది తయారు కాదు గనుక పట్టు వదలక శరీరం కొయ్యబారుతుంది.

సుబ్బారావు గారికి నోబెల్ రాలేదని మనవాళ్లు బాధపడతారు. లోమన్ గారికీ రాలేదు, ఫిస్కే గారికీ రాలేదు. నన్ను బాధించేది అది కాదు. డిగ్రీలలో ఎ.టి.పి. గురించి చదివిన మన పిల్లలకు ఆ పుటలో భీమవరం పేరు కనిపించకపోవడం.

ఆయన 1940లో లెడర్లే కంపెనీలో చేరారు. 1945లో అక్కడ ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం, సోదరులను బలిగొన్న స్ప్రూ రోగులకే మందు అయింది. రాత్రిపూట రక్తం తీసి మన డెల్టా ఊళ్లలో పంచిన బోదకాలు మాత్ర కూడా ఆయన పర్యవేక్షణలో వచ్చినదే. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, నిద్రలో కన్నుమూశారు. ఇక్కడ విడిచివెళ్లిన భార్య శేషగిరి గారిని మళ్లీ చూడలేదు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. 1995లో మన తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.

మన వయసు వారికి సంబంధించిన మాట ఒకటి మిగిలింది. ముప్పై దాటిన నాటి నుండి పదేళ్లకు కొంత చొప్పున కండ తరుగుతుంది. అరవై తరువాత ఆ తరుగు వేగం పుంజుకుంటుంది. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవలేకపోవడం అందుకే. అదే బోస్టన్ నగరంలో ఫియటరోన్ అనే వైద్యురాలు వృద్ధాశ్రమంలోని 86 నుండి 96 ఏళ్ల వారు పదిమందితో ఎనిమిది వారాలు కాళ్లతో బరువులు ఎత్తించారు. ఆ ఫలితాలు 1990లో వచ్చాయి. పూర్తిచేసిన తొమ్మిదిమందిలో కాళ్ల బలం సగటున రెట్టింపును మించి పెరిగింది. ఇద్దరు చేతికర్ర మానివేసి నడిచారు.