ఎడ్గార్‌లో అగ్రిమెంట్ల వేట

పక్కవాడి కోడ్ చూసి నేర్చుకోవడం మనకి అలవాటే. మరి అగ్రిమెంట్ రాయాల్సొస్తే? దానికీ ఓ చోటుంది: అమెరికా ఎస్ఈసీ వారి ఎడ్గార్.

1929లో షేర్ మార్కెట్ కుప్పకూలాక వచ్చిన 1933, 1934 చట్టాలు కంపెనీల చేత లెక్కలు బయటపెట్టించాయి. లిస్టయిన కంపెనీల ముఖ్యమైన ఒప్పందాలు ఇప్పుడు "ఎగ్జిబిట్ 10"గా అక్కడ చేరుతాయి. వాటిని నెట్‌లో ఉచితంగా పెట్టినాయన కార్ల్ మాలముద్. 1995లో ఆయన ఆపేస్తాననేసరికి జనం గోల చేశారు, ఎస్ఈసీయే ఆ పని నెత్తికెత్తుకుంది.

ఇవాళ 2001 నుంచి దాఖలైన వాటిలో ఏ పదమైనా వెతకొచ్చు. నష్టపరిహారం క్లాజు పది కంపెనీలు ఎలా రాసుకున్నాయో పక్కపక్కన పెట్టి చూడండి. కాపీ మాత్రం కొట్టకండి సుమా, దాని వెనకున్న బేరం వాళ్ళది. కానీ మనచేత సంతకం పెట్టించుకునే కాగితం శిలాశాసనం కాదని మాత్రం తెలిసొస్తుంది.