చిట్టా నుంచి ట్రక్ షీట్ దాకా

పెబ్బేరు హైదరాబాదు–కర్నూలు జాతీయ రహదారి మీద, కొత్తకోటకూ బీచుపల్లి కృష్ణా వంతెనకూ నడుమ ఉంది. ఒకప్పుడు వనపర్తి సంస్థానం నేల. 2016 అక్టోబరు 11న ఏర్పడిన వనపర్తి జిల్లాలో ఇప్పుడు మున్సిపాలిటీ. శనివారం సంతకూ, అందులోనూ పశువుల బేరానికీ పేరున్న ఊరు.

దక్కన్ సంతల్లో ఎద్దుల ధరను తువ్వాలు చాటున వేళ్లు పట్టుకుని తేల్చుకోవడం పాత ఆచారం. అక్కడ రాత ఉండదు. బేరం కుదిరాక మాత్రం రసీదు కావాలి. అమ్మినవారి ఊరు, కొన్నవారి ఊరు, ఎద్దు రంగు, కొమ్ముల తీరు, ఎన్ని పళ్లేసిందీ, ఎంతకు తెగిందీ అందులో రాసుంటుంది. దారిలో ఎవరైనా ఆపి ఈ జత ఎక్కడిదని అడిగితే ఆ చీటీయే జవాబు.

గింజల వ్యాపారానికి ఒక్క చీటీ చాలదు. పల్లీ బస్తా రైతు నుంచి అడ్తిదారుకు, అక్కడి నుంచి ఖరీదుదారుకు చేరేలోపు తూకం, హమాలీ, కమీషన్, ముందుగా ఇచ్చిన అప్పు, అన్నీ లెక్కలోకి వస్తాయి. అందుకే అడ్తి నడిపే షావుకారు రెండు పుస్తకాలు పెట్టేవాడు. చిట్టాలో ఏ రోజుది ఆ రోజు వచ్చిన వరుసలోనే రాసేవారు. ఆవర్జాలో అదే లెక్కను మనిషి పేరు కింద ఎక్కించేవారు. లెక్క తేడా వస్తే ఆవర్జాలోని తేదీ పట్టుకుని చిట్టాకు వెళ్లి, ఏ రోజు ఏ పద్దు తప్పిందో చూసేవారు. పద్ధతిలో లోపం లేదు. పుస్తకాలు రెండూ ఒకే మనిషి చేతిలో ఉండటమే రైతుకు చేటయింది.

నిజాం రాజ్యంలో 1930 నాటి వ్యవసాయ మార్కెట్ల చట్టం, ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 1966 నాటి మార్కెట్ల చట్టం ఈ లెక్కను షావుకారు గుమ్మం దాటించి మార్కెట్ కమిటీ నిఘా కిందికి తెచ్చాయి. యార్డులో రైతు చేతికి వచ్చే తక్‌పట్టీలో తూకం, ధర, కోతలు విడివిడిగా కనిపిస్తాయి. ఒక ప్రతి రైతు దగ్గర ఉంటుంది కాబట్టి అడగడానికి ఆధారం దొరికింది. 2016 ఏప్రిల్ 14న ఈ-నామ్ అనే జాతీయ ఆన్‌లైన్ మార్కెట్ దేశంలో 21 యార్డులతో మొదలైనప్పుడు పాలమూరు (మహబూబ్‌నగర్) నుంచి బాదేపల్లి యార్డు అందులో ఉంది. గేటు ఎంట్రీ దగ్గర పుట్టిన లాట్ నంబరే టెండరుకూ, తూకానికీ, చెల్లింపుకూ వెంట నడుస్తుంది.

లెక్క షావుకారు చేయి దాటిన ఈ మార్పు పెబ్బేరు చుట్టుపక్కల ఎక్కువగా తగిలింది వడ్లకు. జూరాల ఎడమ కాలువ నీళ్లు, భీమా ఎత్తిపోతల నీళ్లు వచ్చాక వరి పెరిగింది; దాంతోపాటు ఐకేపీ మహిళా సంఘాలు, సహకార సంఘాలు నడిపే కొనుగోలు కేంద్రాలూ పెరిగాయి. తేమ 17 శాతం మించకూడదు. సంచికి 40 కిలోలు. కాంటా అయ్యాక వడ్లు లారీకెక్కుతాయి. ఏ రైతువి ఎన్ని సంచులో ట్రక్ షీట్‌లో రాస్తారు, లారీ మిల్లుకు పోతుంది. కొనుగోలు కేంద్రం వాళ్లు వివరాలు ట్యాబ్‌లో ఎక్కిస్తారు. మిల్లు దించుకున్నట్టు ఒప్పుకోవాలి. ఆ తర్వాతే పౌర సరఫరాల సంస్థ రైతు ఖాతాలో డబ్బు వేస్తుంది.

డబ్బు పడలేదని రైతు వస్తే చూడాల్సింది ఈ వరుసనే. రైతు పేరు మీద ట్యాబ్‌లో ఎంట్రీయే లేకపోతే తప్పు కేంద్రంలో ఉంది. ఎంట్రీ ఉండి మిల్లు ఒప్పుకోలు లేకపోతే లారీ దిగుమతి కాక నిలిచి ఉండాలి, లేదా సంచుల లెక్క దగ్గర పేచీ ఉండాలి. కేంద్రంలో తూగిన సంచులు మిల్లులో తగ్గితే ఆ తేడా ఎక్కడ పుట్టిందో ట్రక్ షీట్ పక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది. తరుగు పేరుతో కోత పెడితే రైతు చేతిలోని ఆయుధం ఆ కాగితమే. అందుకే ట్రక్ షీట్ నంబరు రైతు దగ్గర తప్పక ఉండాలి.

అన్నీ సరిగా ఉండి కూడా డబ్బు వెనక్కి పోవడం మరో రకం చిక్కు. ఇది బ్యాంకు దగ్గర తలెత్తుతుంది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది. 2025 జనవరి 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు తెలంగాణ శాఖలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులో చేరాయి. శాఖ అదే గదిలో ఉన్నా ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ మారింది. పాత పాస్‌బుక్కు జిరాక్స్ చూసి ఖాతా వివరాలు ఎక్కిస్తే చెల్లింపు తిరిగి రావచ్చు. వాడకంలో లేని ఖాతా, ఆధార్‌లో ఒకలా పాస్‌బుక్కులో మరోలా ఉన్న ఇంటిపేరు, ఒక అంకె తారుమారైన ఖాతా నంబరు కూడా ఇదే పని చేస్తాయి. ఇలాంటప్పుడు వడ్లు మళ్లీ తూకం వేయాల్సిన అవసరం లేదు, మిల్లును అడగాల్సిన పనీ లేదు. రైతు కొత్త పాస్‌బుక్కు మొదటి పేజీ, ఆధార్ తీసుకుని కేంద్రానికి వెళ్తే, అక్కడ ఖాతా వివరాలు సరిచేసి పైకి పంపుతారు. ఆగిన డబ్బు అదే ట్రక్ షీట్ మీద మళ్లీ చెల్లింపుకు వెళ్తుంది.