హి: జపాన్ ఖడ్గాల మీది గాడులు

జపాన్ సంప్రదాయ ఖడ్గాల అలుగు మీద, వెన్నుకు దగ్గరగా, పొడవునా తొలిచే గాడిని ‘హి’ అంటారు. వాదర జోలికి పోకుండా మందంగా ఉన్న చోటనే ఉక్కును తీసివేస్తారు గనుక బిగువు పెద్దగా తగ్గకుండానే కత్తి తేలికపడుతుంది, బరువు పిడివైపు జరిగి విసరడానికి వాటంగా ఉంటుంది. రక్తం కారిపోవడానికే ఈ గాడిని చెక్కేవారన్న ప్రచారానికి ఆధారం లేదు.

వెడల్పయిన ఒంటి గాడి ‘బోహి’ కాగా, దాని పక్కనే సన్నగా సాగేదాన్ని ‘సోయెబి’ అంటారు. పిడికి దగ్గరగా కనిపించే పొట్టి జంట గాడులు ‘గోమాబాషి’. ఇవి ‘గోమా’ అనే అగ్నికార్యంలో వాడే పుల్లల జతకు ప్రతీకలు. ఆ గోమా మన హోమమే. అది చైనా మీదుగా 9వ శతాబ్దంలో షింగోన్ బౌద్ధంతోపాటు జపాన్ చేరింది. ఆ శాఖ కొలిచే అచలుని ప్రతీకగా ఖడ్గాన్ని చుట్టుకున్న నాగరూపాన్ని, సిద్ధమాతృక లిపిలోని బీజాక్షరాలను కూడా అలుగు మీద చెక్కేవారు.

కామకురా యుగం (1185–1333) నాటి ఖడ్గాలలో బోహి తరచుగా కనిపిస్తుంది. చరిత్రకారునికి అన్నిటికన్నా విలువైన సాక్ష్యం గాడి కింది కొసలో దొరుకుతుంది. 14వ శతాబ్దపు పొడవైన ఖడ్గాలను తరువాతి తరాలవారు తమ అవసరానికి తగ్గట్టు, మొనను ముట్టకుండా, పిడిలో ఇమిడే ‘నకాగో’ వైపు నుంచి కురచ చేయించుకున్నారు. అప్పుడు పిడికి పైన ముగిసిన గాడి పిడి లోపలికి చేరుతుంది, కొన్నిట నకాగో చివరిదాకా సాగిపోతుంది. బాగా కురచ చేసిన కత్తి మీద గాడి పిడికి పైనే గుండ్రంగా, పొందికగా ముగిస్తే, అది తరువాత చేర్చిన ‘అతోబి’ కావచ్చునని నిపుణులు అనుమానిస్తారు. ఉక్కులోని లోపాన్ని తొలగించడానికి కూడా అలా చెక్కడం ఉంది. ఒసాఫునె కమ్మరి కాగెమిత్సు 1322లో చేసిన ఖడ్గం, ఇప్పుడు టోక్యో జాతీయ సంగ్రహాలయంలో ఉన్న జాతీయ నిధి, ఇలాగే కురచ కావడంతో దాని మీది చిన్న నాగం సగం పిడిలోకి పోయి, తొంగిచూస్తున్నట్లు కనిపిస్తుంది.

ఎడో కాలానికి చెక్కడంలో అలంకారం పాలు పెరిగింది. క్యోటోకు చెందిన ఉమెతాదా మ్యోజు (1558–1631) ఆ కళలో ప్రసిద్ధుడు. 1876 నాటి శాసనం బహిరంగంగా ఖడ్గం ధరించడాన్ని నిషేధించడంతో కమ్మరుల జీవనం దెబ్బతిన్నా విద్య నిలిచింది. చెక్కడపు పనికి పేరుపొందిన గస్సాన్ సదాకాజును 1906లో రాజాస్థాన కళాకారుడిగా నియమించారు.