రెండోసారి పట్టుబడితే: పాత నేరస్తుల శిక్షల చరిత్ర

భారత శిక్షాస్మృతి 1862 జనవరి 1న అమల్లోకి వచ్చింది. అందులోని 75వ సెక్షన్ పాత నేరస్తుల కోసం రాసినది. దొంగనాణేలు, ప్రభుత్వ స్టాంపులకు సంబంధించిన నేరాలు, దొంగతనం మొదలు దోపిడీ దాకా ఆస్తి నేరాలు దీని పరిధిలోకి వస్తాయి. వీటిలో మూడేళ్లు లేదా అంతకు మించి జైలు పడదగ్గ నేరంలో ఒకసారి శిక్ష పడినవాడు మళ్లీ అలాంటి నేరమే చేస్తే, యావజ్జీవ ద్వీపాంతరవాసం దాకా శిక్ష వేయవచ్చు. మామూలు దొంగతనానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లే. అంటే ఇత్తడి బిందె ఎత్తుకుపోయి జైలుకెళ్లినవాడు, బయటికొచ్చి ఇంకో బిందె ఎత్తుకుపోతే, చట్టం ప్రకారం అతన్ని అండమాన్ ఓడ ఎక్కించవచ్చు.

ఎక్కించి తీరాలని మాత్రం చట్టం అనలేదు. ఎంత శిక్ష వేయాలో జడ్జికే వదిలింది. మొదటి శిక్ష పడి ఎన్నేళ్లయింది, ఈ మధ్యకాలంలో మనిషి ఎలా బతికాడు, పోయిన సొత్తు ఎంత అన్నవి చూసే వీలుంది. ఆ సెక్షన్‌లోని కాఠిన్యాన్ని భరించదగినదిగా చేసింది ఈ వెసులుబాటే. 1864 నాటి కొరడాదెబ్బల చట్టం రెండోసారి దొంగతనంలో దొరికినవాడికి జైలుతో పాటు దెబ్బలు కూడా వేయవచ్చంది. స్వతంత్రం వచ్చాక, 1955లో గాని ఆ శిక్ష పోలేదు.

పాత శిక్షను కోర్టులో ఎప్పుడు బయటపెట్టాలన్న విషయంలో ఆనాటి చట్టకర్తలు చూపిన జాగ్రత్త మెచ్చుకోదగ్గది. ముద్దాయి ఇదివరకే జైలుకెళ్లాడని ముందే తెలిస్తే, ఈ దొంగతనం కూడా వాడే చేసి ఉంటాడని ఎవరికైనా అనిపిస్తుంది. అందుకే 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సెషన్స్ విచారణకు ఒక నియమం పెట్టింది. అభియోగపత్రంలో పాత శిక్ష గురించిన భాగాన్ని మొదట చదవకూడదు. ఇప్పటి నేరం రుజువైందని తేలాకే దాన్ని చదివి, నిజమా కాదా అని ముద్దాయిని అడగాలి. పాత బతుకు శిక్ష ఎంతన్నది తేల్చడానికి పనికి రావచ్చు గాని, నేరం జరిగిందా లేదా అన్నది తేల్చడానికి రాకూడదు. 1973 నాటి కోడ్ కూడా ఈ నియమాన్ని నిలబెట్టింది.

అసలు చిక్కు రుజువు దగ్గర వచ్చేది. పేరు మార్చి, ఊరు మార్చి, తండ్రి పేరు కూడా మార్చి చెప్పినవాడు పాత ఖైదీయేనని తేల్చడం ఎలా? జైలు వార్డరో, పాత కానిస్టేబులో వచ్చి ముఖం చూసి గుర్తుపట్టాలి. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో ఏర్పడడంతో ఈ పద్ధతి మారింది. బెంగాల్ పోలీసు అధికారి ఎడ్వర్డ్ హెన్రీ పేరు మీద ప్రపంచమంతా వాడిన వేలిముద్రల వర్గీకరణ వెనక అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు సబ్ ఇన్‌స్పెక్టర్ల కష్టం ఉంది. నల్లసిరా పూసిన పది వేళ్లను ఒక్కొక్కటిగా కాగితం మీద దొర్లించి తీసిన ముద్రలను, గీతల తీరును బట్టి 1,024 గూళ్లలో సర్దేవారు. కొత్త ముద్దాయి కాగితం వస్తే ఏ గూట్లో వెతకాలో నిమిషాల్లో తెలిసిపోయేది. పేరు మార్చుకున్నా పాత శిక్ష వెంట వచ్చేది.

దీనికి సమాంతరంగా ఇంకో చట్టం పెరిగింది. 1871లో ఉత్తరాదిన మొదలైన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం, 1911లో తిరగరాశాక మద్రాసు రాజధానికీ వచ్చింది. కోస్తా నుంచి ఉప్పు లోపలి ఊళ్లకు మోసుకెళ్లి, ధాన్యానికి మార్చుకుని బతికిన ఎరుకల వారి వ్యాపారాన్ని రైళ్లూ, ప్రభుత్వ ఉప్పు విధానమూ దెబ్బతీశాయి. బతుకు పోయినవాళ్ల మీదే నేరస్తులన్న ముద్ర పడింది. 1913 ప్రాంతంలో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ నడిపేలా ఒక సెటిల్‌మెంటు పెట్టి, మద్రాసు గవర్నర్ కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరుతో స్టువర్టుపురం అన్నారు. అక్కడివాళ్లు హాజరు పలకాలి, పాసు లేకుండా ఊరు దాటకూడదు. చీరాల పొగాకు కంపెనీకి అక్కడినుంచి కూలీలు వెళ్లేవారు.

శిక్షల సంగతికొస్తే, ఈ చట్టంలోని 23వ సెక్షన్ మరీ ఘోరం. నేరస్తుల తెగగా ప్రభుత్వం నోటిఫై చేసినదాంట్లో పుట్టినవాడికి దోపిడీ వంటి జాబితా నేరంలో రెండోసారి శిక్ష పడితే ఏడేళ్లకు తగ్గకూడదు. మూడోసారైతే యావజ్జీవ ద్వీపాంతరవాసం. తగ్గించాలంటే జడ్జి ప్రత్యేక కారణాలు రాయాలి. ఇద్దరు కలిసి ఒకే దోపిడీ చేసినా, ఇద్దరికీ పాత శిక్ష ఉన్నా, ఒకడి విషయంలో జడ్జికి స్వేచ్ఛ ఉంది, తెగలో పుట్టిన రెండోవాడికి, ప్రత్యేక కారణాలు రాస్తే తప్ప, ఏడేళ్లు ముందే ఖాయం. తేడా పుట్టుకలోనే. పాత నేరం మనిషిదన్న సూత్రాన్ని వదిలేసి, చట్టం దాన్ని తెగ మొత్తానికీ అంటగట్టింది.

మద్రాసు ప్రభుత్వం 1947లో దీన్ని రద్దు చేసింది. తిరుపతి ప్రాంతానికి చెందిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన కమిటీ దేశమంతా పరిశీలించాక, 1952 ఆగస్టు 31 నుంచి అన్నిచోట్లా పోయింది. దాని స్థానంలో వచ్చిన 1948 నాటి మద్రాసు చట్టం పుట్టుకను వదిలి, కనీసం మూడుసార్లు జైలుశిక్ష పడినవాణ్ణే అలవాటుపడ్డ నేరస్తుడంది. కాగితం మీద అది పెద్ద మార్పే. పోలీసు రిజిస్టర్లలో మాత్రం పాత పేర్లు పాతుకుపోయాయి. జైలు మాన్యువళ్లలో కులాన్ని, తెగను బట్టి ఖైదీని ఇలా లెక్కకట్టే నిబంధనలు చెల్లవని సుప్రీంకోర్టు చెప్పడానికి 2024 అక్టోబరు దాకా పట్టింది.

జడ్జి చేతులు కట్టేసిన మరో నిబంధన శిక్షాస్మృతి 303వ సెక్షన్. యావజ్జీవ శిక్షలో ఉన్నవాడు హత్య చేస్తే మరణశిక్ష తప్ప ఇంకో దారి లేదు. జైలు సిబ్బందిని కాపాడడానికని దీన్ని రాశారు. పెరోల్ మీద ఇంటికొచ్చి, జైలుతో సంబంధం లేని తగాదాలో చంపినవాడికీ ఇదే వర్తించింది. 1983లో మిఠూ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దీన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసి వెళ్లిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి అదే అభిప్రాయాన్ని విడిగా రాశారు. పరిస్థితులు చూడనివ్వకుండా ప్రాణం తీయమనే చట్టం న్యాయమైనది కాదన్నది ఆ తీర్పు సారం. అయినా 1989లో మాదకద్రవ్యాల చట్టంలో కొన్ని రెండో నేరాలకు తప్పనిసరి మరణశిక్ష చేర్చారు. 2014 సవరణతో గాని అది జడ్జి ఇష్టానికి మారలేదు.

2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలో పాత 75వ సెక్షన్ 13వ సెక్షన్‌గా ఉంది. దొంగతనానికి మాత్రం కొత్త మెట్లు కట్టారు. సొత్తు అయిదు వేల రూపాయల లోపు ఉండి, మొదటిసారి దొరికి, సొమ్ము తిరిగి ఇచ్చేస్తే సమాజసేవ చేస్తే సరిపోతుంది. రెండోసారి దొరికితే ఏడాదికి తగ్గని, అయిదేళ్లకు మించని కఠిన కారాగారం, దానితో పాటు జరిమానా. కనీసశిక్ష అన్న కట్టుబాటు ఇలా మామూలు దొంగతనం కేసుల్లోకీ వచ్చింది.