పాడుపడిన గనులు, చల్లారని ఇంధనము

మార్కాపురము చుట్టుపట్ల పలకరాతి గనులను ఎరిగినవారికి ఒక సంగతిని వేరుగ బోధింప నక్కరలేదు: త్రవ్వకము నిలిచిన గని ఖాళీగ నుండదు. నల్లమలకు తూర్పుగా, భూగర్భశాస్త్రజ్ఞులు కంభము ఊరి పేరుతోనే వ్యవహరించు ప్రాచీన శిలాశ్రేణియందు, పొరలు పొరలుగ ఒదిగియున్న రాతిని దిమ్మెలుగ పైకి తీసి, పనివాడు ఉలిని అంచున నిలిపి సుత్తితో మెల్లగ తట్టగా, ఆ రాయి పొర వెంట విచ్చి పలుచని రేకులై విడిపోవును. ఆ రేకును చదరముగ కోసి, నునుపు చేసి, కొయ్యచట్రమున బిగించినచో అది పిల్లవాని ఓనమాలకు ఆధారమగు పలక. ఈ ప్రాంతము కర్నూలు జిల్లాలో నున్న కాలమునను, 1970లో క్రొత్తగ ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరి 1972లో ప్రకాశము జిల్లాగ పేరు మార్చుకొన్న పిదపను, మార్కాపురము పలక దేశమందలి బడులకెల్ల ప్రయాణము చేసెను. తరువాత నోటుపుస్తకములు వచ్చెను, ప్లాస్టిక్ పలకలు వచ్చెను. పలక పోయి, ఇండ్ల గోడలకును నేలలకును అలంకారమగు రాతిపెంకులకు గిరాకి కలిగెను. ఈ మార్పులలో విడువబడిన గుంతలు మాత్రము పూడలేదు. వాననీరును ఊటనీరును చేరి అవి మడుగులైనవి. అంచులు విరిగి పడుచుండును. చట్రమున కెక్కిన రాయికంటె గట్టున పారబోసిన రాయియే మిక్కిలి యెక్కువ గనుక, ఆ దిబ్బలు ఊరి పొలిమేరలందు చిన్న కొండలై నిలిచియున్నవి.

ఈ సామాన్యానుభవమును ముందుంచుకొని, చూపునకు దీనితో ఏమాత్రమును సంబంధము లేని యొక చరిత్రను ఇచట పరిశీలింపవలసియున్నది. గడచిన అరువదియేండ్లలో, అణువిద్యుత్కేంద్రములనుండి వెలువడిన వాడిన ఇంధనమును, దాని శేషములను ఎచట దాచవలెనను ప్రశ్న పుట్టినప్పుడెల్ల, ప్రభుత్వముల దృష్టి మొదట పాడుపడిన గనులపై వ్రాలుచు వచ్చినది. త్రవ్వినది ఎటులను త్రవ్వబడియే యున్నది, అడుగువారు లేరు, ఖర్చు కలిసివచ్చును అను తర్కము వారిని ఆకర్షించెను. ఆ తర్కము ఎన్నిమారులు ఎటుల విఫలమయ్యెనో చెప్పుటయే ఈ వ్యాసమున ముఖ్యాంశము.

ముందుగ ఆ ఇంధనమెట్టిదో చూడవలెను. తెలుగునాట నేటికిని విద్యుదుత్పాదక రియాక్టరు ఒక్కటియు లేకున్నను, దేశమందలి రియాక్టర్లలో పెక్కింటికి ఇంధనము తయారగునది మన హైదరాబాదుననే. 1971లో స్థాపితమై, డాక్టర్ ఎన్. కొండల్‌రావుగారి నాయకత్వమున ఎదిగిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సులో, యురేనియము ఆక్సైడును చిన్న బిళ్లలుగ నొక్కి, కాల్చి, జిర్కోనియము మిశ్రలోహపు గొట్టములలో నింపి, అట్టి గొట్టములు పందొమ్మిదింటిని ఒక కట్టగ కూర్చుదురు. కట్ట పొడవు సుమారు అరమీటరు. అందలి ఆక్సైడు బరువు సుమారు 15 కిలోలు. 220 మెగావాట్ల భారజల రియాక్టరులో 306 అడ్డుగొట్టములు, గొట్టమొకటికి 12 కట్టల వంతున మొత్తము 3,672 కట్టలు ఇముడును. రియాక్టరును చేరకమునుపు ఆ కట్టను మనుష్యుడు చేతితొడుగు వేసికొని ఎత్తి పరీక్షింపవచ్చును. అదే కట్ట లోపల తన కాలము గడపి వెలికి వచ్చినప్పుడు ఆకారమున, పొడవున, బరువున ఇంచుమించు పూర్వమువలెనే యుండును. నూటికి దాదాపు 99 పాళ్లు అది ఇంకను యురేనియమే. కాని శేషించిన ఆ యొక్క పాలులో సీసియము, స్ట్రాన్షియము, ప్లుటోనియము మొదలగునవి జన్మించియుండుటచే, కవచము లేక దానిని సమీపించినవాడు బ్రదుకజాలడు. కనుక యంత్రములే దానిని వెలికి తీసి నీటి కొలనులోనికి దింపును. నీరు దాని వేడిని హరించును, కిరణములను అడ్డగించును. కొలను అడుగున నీలికాంతి ప్రసరించుచుండును. ఏండ్ల తరబడి ఆ కట్టలు అట్లే మునిగియుండవలెను. సీసియము 137 సగమగుటకు 30 యేండ్లు పట్టును. ప్లుటోనియము 239 సగమగుటకు 24,000 యేండ్లు పైబడి పట్టును. విజయనగర కాలపు రాకుమార్తె వరదరాజమ్మ కట్టించెనని జనశ్రుతి గల మన కంభము చెరువు సుమారు అయిదువందల యేండ్లనాటిదని తలచి మనము గర్వింతుము. అట్టి కాలఖండములు దాదాపు ఏబది గడచిననే గాని ప్లుటోనియమున సగము నశింపదు.

వాడిన ఇంధనమును వ్యర్థముగ భావించి అట్లే పూడ్చుట భారతదేశపు విధానము కాదు. దానిని ఆమ్లములో కరగించి, యురేనియమును ప్లుటోనియమును వేరుచేసి మరల వాడుకొనవలెనని ఆదినుండియు మనవారు సంకల్పించిరి. 1965 జనవరిలో ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి ట్రాంబేలో ప్రారంభించిన ప్లుటోనియము కర్మాగారము దీనికి నాంది. తరువాత తారాపూరునను, 1998లో కల్పాక్కమునను అట్టివి వెలసెను. కొలనునుండి కర్మాగారమునకు ఇంధనము సాగుటకు దళసరి ఉక్కుతోను సీసముతోను చేసిన బృహత్పేటికలు కావలెను. అంతర్జాతీయ నిబంధనల ననుసరించి అట్టి పేటిక నమూనా 9 మీటర్ల ఎత్తునుండి కఠిన తలముపై పడినను, ఉక్కు మేకుపై పడినను, 800 డిగ్రీల మంటలో అరగంట కాలినను, నీటిలో మునిగినను చెక్కుచెదరక నిలువవలెను. యురేనియము, ప్లుటోనియము పోగా మిగిలిన తీవ్ర ద్రవమును బోరోసిలికేట్ గాజుతో కరగించి, స్టెయిన్‌లెస్ స్టీలు డబ్బాలలో పోసి ఘనీభవింపజేయుదురు. ఈ గాజు పద్ధతి తారాపూరులో 1985లో ఆరంభమైనది. గాజు డబ్బాలను గాలి ప్రసరించు నేలమాళిగలలో ముప్పదియేండ్లకు తక్కువ కాకుండ చల్లార్చి, తుదకు లోతైన రాతి గర్భమున శాశ్వతముగ నిక్షేపింపవలెనని సిద్ధాంతము. తొలి మెట్టులన్నియు ఆచరణలో నున్నవి. చివరి మెట్టు మాత్రము మన దేశమున నేటికిని కాగితముపైననే యున్నది.

ఆ చివరి మెట్టు కొరకు తొలుత పాతగనిని ఆశ్రయించినది అమెరికా. ఉప్పుపొరలలో నీరు నిలువదు గనుక అవియే యోగ్యస్థానములని 1957లో అచ్చటి జాతీయ విజ్ఞాన అకాడమీ సూచించెను. 1965 మొదలు 1968 వరకు కాన్సాస్ రాష్ట్రమందలి లయన్స్ పట్టణమున, పనిమానిన ఉప్పుగనిలో నిజమైన వాడిన ఇంధనమును దింపి, విద్యుత్తాపకములను కూడ అమర్చి ప్రయోగములు గావించిరి. ఉప్పు బాగుగనే నిలిచెను. ఆ ఫలితమునకు ఉత్సాహపడి 1970లో అణుశక్తి సంఘమువారు ఆ గనియే శాశ్వత నిక్షేపమగునని ప్రకటించిరి. అంతట పరిసరములలో పూర్వము నూనె, వాయువుల కొరకు వేసి మరచిన బోరుబావులు ఒక్కొక్కటిగ బయటపడెను. పొరుగునున్న వేరొక గనిలో ఉప్పును కరగించుటకు పంపిన నీరు మరల పైకి రాక భూమిలో ఎటో మాయమైనదని తెలిసెను. 1972 నాటికి ఆ ప్రయత్నము మూలబడెను.

జర్మనీవారి అనుభవము ఇంతకంటె కఠినమైనది. ఆస్సె యను ఉప్పుగనిని ప్రభుత్వము 1965లో కొని, 1967 నుండి 1978 వరకు సుమారు 1,26,000 పీపాలను దానిలో దింపెను. ఇవి వాడిన ఇంధనము కాదు. అంతకంటె స్వల్ప, మధ్యమ తీవ్రతగల వ్యర్థములు. అయినను 1988 నుండి ఆ గనిలోనికి బయటినీరు దినమునకు అనేక ఘనమీటర్ల వంతున జొరబడుచున్నది. ఉప్పు తీసిన కోష్ఠముల పైకప్పులు బరువునకు కుంగుటచే ఏర్పడిన పగుళ్లే దానికి త్రోవలు. దింపిన పీపాలను తిరిగి పైకి తీయవలెనని 2013లో ప్రత్యేకముగ చట్టమే చేయవలసి వచ్చెను.

ఇక మన యింటి సమీపమునకు రావలెను. తెలుగు మాటాడువారు అనేకులు గల కోలారు సీమలో, చిత్తూరు జిల్లా పొలిమేరకు దాపున, 1880 నుండి ఆంగ్లేయ కంపెనీలు బంగారు గనులు నడపెను. అచ్చట ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు మించిన లోతునకు దిగెను. ఆ గనిలోనే 1965లో టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రజ్ఞులు, జపాను, బ్రిటన్ శాస్త్రజ్ఞులతో కూడి, వాతావరణమున జనించు న్యూట్రినోల జాడ కనుగొనిరి. 1980 దశకమున భాభా అణు పరిశోధన కేంద్రమువారు కోలారు గనులలోనే, సుమారు 1,000 మీటర్ల లోతున, వాడుకలో లేని భాగమున ఒక ప్రయోగశాల నేర్పరచిరి. గాజు డబ్బా వెలువరించునంత వేడిని విద్యుత్తాపకములతో పుట్టించి, ఆ వేడికి చుట్టునున్న యాంఫిబొలైటు శిల ఎంత వ్యాకోచించునో, ఎట్లు ఒత్తిడికి లోనగునో ఎనిమిదేండ్లపాటు కొలిచిరి. దానిలో రేడియోధార్మిక పదార్థము అణుమాత్రమును లేదు. బంగారము గిట్టుబాటు కాక 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడెను. పంపులు ఆగెను, పాతాళమున నీరు పెరిగెను, పైన సయనైడు దిబ్బలు మిగిలెను.

గనులు మూతపడిన పదకొండేండ్ల తరువాత ఆ పాతప్రయోగము ఊహింపని రూపమున తలయెత్తెను. 2012 నవంబరులో కూడంకుళము అణువిద్యుత్కేంద్రముపై వ్యాజ్యము సుప్రీముకోర్టులో విచారణలో నుండగా, వాడిన ఇంధనమునకు తుది గమ్యముగ కోలారు గనుల ప్రస్తావన వచ్చినదని పత్రికలలో వెల్లడియయ్యెను. కూడంకుళపు ఇంధనమును రష్యాకే త్రిప్పి పంపవలెనని 1988 నాటి ఒప్పందమున నున్నను, అనంతరము అది ఇచ్చటనే నిలుచునట్లు మార్చుకొనిరి గనుక గమ్యమెచ్చట అను ప్రశ్న అనివార్యమాయెను. ఉద్యోగములు పోయి, దిబ్బల ధూళియే మిగిలిన కోలారు ప్రజలు ఒక్కపెట్టున వీధులకెక్కిరి. కర్ణాటక ప్రభుత్వము అభ్యంతరము తెలిపెను. అట్టి యోచనయే లేదని కొలదిదినములలో కేంద్రము వివరణ నిచ్చెను. 2013 మే 6వ తేదీ తీర్పున సుప్రీముకోర్టు కూడంకుళమునకు అనుమతి నిచ్చుచునే, లోతైన భూగర్భ నిక్షేపమును సాధ్యమైనంత త్వరగా నెలకొల్పవలెనని ఆదేశించెను. ఎచట అను మాటకు సమాధానము లేకయే కాలము గడచుచున్నది.

ఈ మూడు కథలనుండి రాతికి రక్షణశక్తి లేదని నిర్ధారించుట తొందరపాటగును. ఆఫ్రికాయందలి గాబన్ దేశములో, ఓక్లో యురేనియపు గనిలో, సుమారు రెండువందల కోట్ల యేండ్ల క్రిందట ప్రకృతియే రియాక్టరు నడపెనని 1972లో తెలిసెను. ఆనాటి శేషములలో పెక్కు తాము పుట్టిన తావునుండి అంతగ కదలలేదు. ఫిన్లాండువారు సైతము రాతినే నమ్మిరి. కాని వారు పాతగనిని ఏరుకొనలేదు. ఓల్కిలువోటో ద్వీపమున సుమారు 430 మీటర్ల లోతున, మనుష్యుడెన్నడును గని త్రవ్వని శిలలో, పగులు పగులును లెక్కించుచు క్రొత్తగ సొరంగము త్రవ్వి, రాగిపేటికలచుట్టును నీరు తగిలినచో ఉబ్బు బెంటొనైటు మట్టిని నింపు ఏర్పాటు గావించిరి. అంతకు మున్ను, వలదనుటకు చట్టరీత్యా అధికారముగల స్థానిక పురపాలక సభను అడిగిరి. అది అంగీకరించిన పిదపనే 2001లో పార్లమెంటు ఆమోదించెను. నిర్మాణానుమతి లభించుటకు మరి పదునాలుగేండ్లు పట్టెను. లయన్సునను ఆస్సెయందును మనుష్యుడు లాభము కొరకు పొడిచిన రంధ్రములే నీటికి దారులైనవి. గని యనగా రంధ్రములుగల తావు. నిక్షేపమునకు కావలసినది రంధ్రములు లేని తావు. ఒకటి ఖాళీయైనంత మాత్రమున రెండవది కానేరదు.

పశ్చిమ ప్రకాశమువారు ఈ సత్యమును గనులలోనేకాక తమ శరీరములందును ఎరుగుదురు. కనిగిరి, పొదిలి, దర్శి, మార్కాపురము ప్రాంతములలో రాతిలో నిద్రించుచున్న ఫ్లోరైడును భూగర్భజలము మెల్లగ కరగించుకొని, బోరుబావి గొట్టము గుండ బిందెలోనికి చేర్చుటచే, పిల్లల పండ్లు గారపట్టి, పెద్దల కీళ్లు బిగిసి, నడుములు వంగిపోయినవి. రాతినుండి ఎముక వరకు నీరు నడచు దారి ఇదియే. ఏ దేశమున ఏ నిక్షేపమును గూర్చి శాస్త్రజ్ఞులు భయపడినను వారు భయపడునది ఈ దారికే. దక్షిణమున, మార్కాపురపు పలకరాయి చేరిన కడప శిలాద్రోణికే చెందిన తుమ్మలపల్లెలో 2012 నుండి యురేనియపు శుద్ధికర్మాగారము పనిచేయుచుండగా, దాని వ్యర్థపు చెరువు ప్రక్కనున్న పల్లెలవారు తమ బావినీటిని గూర్చియే మొర పెట్టుకొనుచున్నారు. ఉత్తరమున శ్రీకాకుళము జిల్లా కొవ్వాడలో ఆరు రియాక్టర్ల ప్రతిపాదన నడచుచున్నది. అది కార్యరూపము దాల్చిన నాడు వాడిన ఇంధనపు కొలనులు తెలుగునేలపైననే వెలయును, వాటి తుది గమ్యపు ప్రశ్నయు మన వాకిటనే నిలుచును.

అప్పుడు పాడుపడిన గనుల పటమును ముందు పరచుకొని ఖాళీ తావులను వెదకువారు మరల రాకపోరు. వారిని అడుగవలసిన ప్రశ్నలకు అణుశాస్త్ర పాండిత్యము అక్కరలేదు: ఈ రాతిలో నీరెటు నడచును, పూర్వమిచట ఎవరెవరు ఎన్ని బెజ్జములు వేసిరి, వలదను అధికారము ఈ ఊరికి కలదా. కోలారులో ఆ ప్రశ్నలు వీధులలో పుట్టెను, ఫిన్లాండులో చట్టములో పుట్టెను. వాటిని ముందుగనే అడుగు స్థైర్యము గల ప్రభుత్వమునకే శాశ్వత నిక్షేపము సాధ్యమని ఇంతవరకు జరిగిన చరిత్ర చెప్పుచున్నది.