పేనుబంకకి మందు కొట్టాలా? ఒక పురుగు కథ

మా ఇంటి ముందు ఒక జపనీస్ మేపుల్ చెట్టుంది. అమ్మాయి పుట్టిన ఏడాది నాటాం. మొన్న మే నెలలో దాని కింద పెట్టిన కారు అద్దం మీద సన్నటి తుంపర పడ్డట్టు మచ్చలు. వేలు పెడితే ఒకటే జిగట. ఆకులూ అంతే. కొన్నిటి మీద మసి పూసినట్టు నలుపు. ఇంకేముంది, చెట్టు పోయినట్టే అనుకున్నా. తోటపని చేసేవాళ్ళని పిలిస్తే చెట్టు దగ్గరికైనా వెళ్ళకుండానే, "వేళ్ళ దగ్గర మందు పోస్తాం, ఏడాది దాకా మర్చిపోవచ్చు" అన్నారు.

తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ మాత్రం ఆకు తిప్పి చూసి, "పేనుబంక నాన్నా ఇది. ఆ చీమల బారు చూళ్ళేదా?" అంది. నాలుగేళ్ళు ఇంజనీరింగ్ చదివి, ఇరవయ్యేళ్ళుగా బగ్గులు వెతుకుతున్న నాకు ఆకు తిప్పి చూడాలని తట్టలేదు :)

పేరులోనే అంతా ఉంది. పేనంత పురుగు, అది కార్చే బంక. ఆకు రసంలో చక్కెర ఎక్కువ, పురుగు ఒంటికి కావలసిన నత్రజని తక్కువ. అందుకని అది బోలెడంత రసం తాగి, మిగిలిన తీపినంతా వెనకనుంచి వదిలేస్తుంది. దాని కోసం చీమలు వస్తాయి. ఆ తీపి మీద పెరిగే బూజే నల్లటి మసి. పొలుసు పురుగులూ పిండినల్లీ చేసేది కూడా ఇదే. మామిడి మీద ఇలాంటి పని చేసేదాన్ని మనవాళ్ళు తేనెమంచు పురుగు అంటారు. అంటే జిగట రోగం కాదు, ఆనవాలు.

సరే, మరి మందు పోయించాలా వద్దా? ఆ సంగతి చదువుతూ పోతే ఒక పాత కథ దొరికింది. అదీ మా ఇంటికి అరగంట దూరంలోని మెన్లో పార్క్‌లో మొదలైన కథ.

1868 ప్రాంతంలో ఆస్ట్రేలియా నుంచి తెచ్చిన తుమ్మజాతి మొక్కలతో పాటు ఒక పొలుసు పురుగు అక్కడ దిగింది. వీపున దూదిదిండులాంటి గుడ్లసంచి, కింద అదే బంక, అదే మసి. 1880ల్లో అది లాస్ ఏంజలెస్ నారింజ తోటల్ని పట్టుకుంది. రైతులు రకరకాల మందులు కొట్టారు. చెట్టుకి గుడారం కప్పి సైనైడ్ పొగ కూడా పెట్టారు. కొందరు తోటలే పీకి తగలబెట్టుకున్నారు.

అప్పటి ప్రభుత్వ కీటక శాస్త్రవేత్త ఛార్లెస్ రైలీ వేరేగా ఆలోచించాడు. ఈ పురుగు పుట్టినచోట ఇంత గోల లేదంటే, అక్కడ దీన్ని తినేది ఏదో ఉండాలి. కానీ ఆయన శాఖవాళ్ళు విదేశాలకి వెళ్ళకుండా కాంగ్రెస్ అడ్డుకట్ట వేసింది. అందుకని ఆల్బర్ట్ కోబెలె అనే సహాయకుణ్ణి మెల్బోర్న్ ఎగ్జిబిషన్ బృందంలో సభ్యుడిగా పంపించారు. మన ఆన్‌సైట్ వీసాల తెలివితేటలు కొత్తవేమీ కావన్నమాట!

1888 అక్టోబరులో అడిలైడ్‌లోని ఒక తోటలో కోబెలెకి చిన్న ఎర్రటి అక్షింతల పురుగు కనిపించింది. పేరు వెడేలియా. ఓడల్లో మూడు విడతలుగా లాస్ ఏంజలెస్ చేరినవి మొత్తం 129. గుడారం కప్పిన ఒక నారింజ చెట్టు మీద వాటిని వదిలారు. 1889 జూన్ కల్లా వాటి సంతతిలో పదివేలకి పైగా పంచిపెట్టారు. రైతులు డబ్బాలు తెచ్చుకుని మరీ పట్టుకెళ్ళారట. ఒక్క ఏడాదిలో ఆ కౌంటీ నుంచి నారింజ ఎగుమతులు 700 రైలు పెట్టెల నుంచి 2000కి పెరిగాయి. రైతులు కోబెలెకి బంగారు వాచీ ఇచ్చారు. క్రెడిట్ ఎవరిదని రైలీకీ అతనికీ చెడింది కూడా. అప్రైజల్ గొడవలు అప్పుడూ ఉన్నాయి.

కథ అక్కడితో అయిపోలేదు. 1940ల చివర్లో వేరే పురుగుల కోసం అదే కాలిఫోర్నియా తోటల్లో డీడీటీ కొట్టారు. వెడేలియా చచ్చింది, దూది పొలుసు మళ్ళీ విజృంభించింది. మందు ఆపి, అక్షింతల పురుగుల్ని మళ్ళీ తెచ్చుకోవాల్సి వచ్చింది. యాభై ఏళ్ళకి పైగా చప్పుడు లేకుండా నడుస్తున్న ప్రాసెస్‌ని, అదేం చేస్తుందో చూడకుండా కిల్ చేస్తే ఏమవుతుందో మనకి తెలియనిదా?

ఇంకా దగ్గరి సంగతి 2013 జూన్‌లో ఆరెగన్ రాష్ట్రం విల్సన్‌విల్‌లో జరిగింది. ఒక పార్కింగ్ లాట్‌లోని లిండెన్ చెట్లకి పేనుబంక పట్టిందని, అవి పూతలో ఉండగా మందు కొట్టారు. యాభై వేల దాకా బంబుల్ తేనెటీగలు చెట్ల కింద రాలిపోయాయి.

ఇది చదివాక తోటపనివాళ్ళకి ఫోన్ చేసి వద్దన్నా. వెడేలియాని తెచ్చి లాభం లేదు, అది తినేది దూది పొలుసుని, పేనుబంకని కాదు. అందుకే ఏ పురుగో ముందు చూడాలనేది. వారానికి రెండుసార్లు పొద్దున్నే ఆకుల అడుగున గొట్టంతో నీళ్ళు గట్టిగా కొట్టాను. చీమలు ఎక్కకుండా మొదలుకి పట్టీ చుట్టి దాని మీద జిగురు పూశాను. చీమలుంటే పేనుబంకని తినేవాటిని దగ్గరికి రానివ్వవు. నత్రజని ఎరువు ఆపేశాను. లేత చివుళ్ళు ఎక్కువైతే పేనుబంకకి పండగే. కారు వేరేచోట పెడుతున్నా.

నాలుగో వారానికి జిగట తగ్గింది, పూర్తిగా పోలేదు. నిన్న సాయంత్రం అమ్మాయి నానమ్మతో కలిసి ఆకులు తిప్పుతూ అక్షింతల పురుగుల్ని లెక్కపెట్టింది. పదకొండు. ఎవరూ ఓడెక్కించి తేలేదు, వాటంతటవే వచ్చాయి.