మడ అడవి – మారు వనము



చెరుకుపల్లి నుండి దక్షిణముగా నిజాంపట్నము వైపు పోవువారికి మొదట మాగాణి వరిచేలును, పిదప చవుడు నేలలును, రొయ్యల చెరువులును, తుదకు సముద్రపు పాయల యొడ్డున మడ అడవియు కనబడును. తెల్లమడ, నల్లమడ, తిల్ల మున్నగు చెట్లు అచట ఉప్పునేలలో వేళ్లూని నిలిచియుండును. వాని మొదళ్ల చాటున రొయ్యపిల్లలును, చేపపిల్లలును, పీతలును పెరుగును. ఇట్టి యడవిని ఒకచోట నఱికి, బదులుగా వేరొకచోట నాటినచో లెక్క సరిపోవునా? ఈ వాదము ఎట్లు పుట్టి పెరిగెనో నేడు మనవి చేయుదును.

ఈ బదులు పద్ధతి అనేక దేశములందున్నది. ప్రకృతికి కలిగించిన నష్టమును పూరింపవలెనని జర్మనీ దేశము 1976 లోనే చట్టము చేసెను. ఇంగ్లండులో 2024 ఫిబ్రవరి నుండి పెద్ద కట్టడములు కట్టువారు అచటి జీవసంపదను మునుపటి కంటె నూటికి పదిపాళ్లు హెచ్చుగా సమకూర్పవలసి వచ్చెను.

మన దేశమున 1980 నాటి అటవీ సంరక్షణ చట్టముతో ఈ కథ మొదలయ్యెను. అడవి భూమిని అన్య కార్యములకు మార్చుటకు కేంద్ర ప్రభుత్వానుమతి అవసరమయ్యెను. అనుమతి పొందినవారు అంతే విస్తీర్ణము గల వేరు భూమి నిచ్చి, అందు చెట్లు పెంచుటకు ధనము చెల్లింపవలెనను నియమము వచ్చెను. అట్టి భూమి దొరకనిచో క్షీణించిన యడవిలో రెండింతల మేర నాటవలెను. 2002 లో సుప్రీముకోర్టు, పోవు నడవి చేసెడి మేలుకు గూడ వెల కట్టించుమని యాజ్ఞాపించెను. 2008 లో ఆ వెల హెక్టారునకు 4,38,000 రూపాయలు మొదలు 10,43,000 రూపాయల వరకు నిర్ణయింపబడెను. 2016 నాటి చట్టము ఈ ధనమున నూటికి 90 వంతులు రాష్ట్రములకు చేరునట్లు చేసెను.

ఈ పద్ధతిని సమర్థించువారి మాట త్రోసివేయదగినది కాదు. రోడ్లు, రేవులు, ఆనకట్టలు లేక దేశము సాగదు. బదులు అడుగనిచో అడవి ఊరకయే పోవును. వెల కట్టినచో కోరువాడు ఒక్కింత వెనుదీయును అని వారందురు.

కాని ఆచరణము వేరు విధముగా నున్నది. 2013 నాటి కాగ్ నివేదిక ప్రకారము, 2006 మొదలు 2012 వరకు రావలసిన వేరు భూమిలో నూటికి 27 వంతులే వచ్చెను. చెట్లు నాటినది, రావలసిన దానిలో 7 వంతులలో మాత్రమే.

ఆ లెక్క పూర్తిగా చెల్లినను మఱియొక చిక్కు కలదు. ఎకరము మాగాణికి ఎకరము మెట్ట ఇచ్చెదనన్నచో మనలో నెవ్వడు ఒప్పుకొనును? బాపట్ల ఇసుకనేలల సరుగుడు తోట వంటచెఱకు నిచ్చును, గాలి నాపును; అయినను రొయ్యపిల్లకు అది పుట్టిల్లు కాజాలదు.

2019 నాటి తీరప్రాంత ప్రకటన ఈ భేదమును కొంత గుర్తించెను. అసాధారణావసరములకు మడ అడవిలో రోడ్డు వేయవలసివచ్చినచో, పోయిన మడకు మూడింతల మేర మడనే నాటవలెనని విధించెను. కాని నాటుట వేరొకచోట. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూచిన పెద్దలు మీలో నుందురు. నాడు సముద్రము దివిసీమలో వేలమందిని మ్రింగెను. అలల ధాటిని తగ్గించు మడ మన తీరమున నున్ననే మనకు రక్ష. దూరమున నున్న మూడింతలు మన యిండ్లకు అడ్డు రావు.

నాటుట వ్యర్థమని నా భావము కాదు. కృష్ణా గోదావరీ ముఖద్వారములందు స్వామినాథన్ పరిశోధన సంస్థయు, అటవీశాఖయు, తీరగ్రామస్థులును కలిసి పాడైన మడలను బాగుచేసిరి. నిలిచిన ఉప్పునీరు కదలునట్లు చేప ముల్లు వలె కాలువలు త్రవ్వి, పోటునీటిని లోనికి రానిచ్చి, మొక్కలు నాటిరి. చెడినచోటనే బాగుచేయుట అనగా నిది.

కావున మొదట నష్టమును తప్పింపవలెను, తప్పనిచో తగ్గింపవలెను, బదులు చివరి మాట కావలెను. ఏదేని పనికై మీ యూర బహిరంగ విచారణ జరిగినప్పుడు మూడు ప్రశ్న లడుగుడు: బదులు వనము ఎక్కడ? అందు ఏ చెట్లు? అవి పెరుగువరకు కాచువా రెవరు? ఈ మూటికిని సమాధానము వ్రాతమూలకముగా పొందిన పిమ్మటనే మీ సమ్మతి తెలుపుడు.